తెర ముందు మాట, తెర వెనుక ఆట

మా బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువగా మాట్లాడి, అందుకుగాను అందరికన్నా ఎక్కువసార్లు బెంచీ ఎక్కి నిలబడిన మిత్రుడికి ఈ ఏడాది టెలివిజన్‌లో సొంతంగా ఒక స్కెచ్ షో, అంటే చిన్న చిన్న హాస్య సన్నివేశాలతో నడిచే కార్యక్రమం, వచ్చింది. ఆ సంగతి పూర్వ విద్యార్థులలో చాలామందికి తెలిసే ఉంటుంది. దానికి రాసే బృందంలో నేనూ ఉన్నాను కాబట్టి, ఆ పని గురించి నాలుగు మాటలు రాయమని సంచిక సంపాదకులు నన్ను కోరారు. తన పేరు మాత్రం రాయవద్దని మిత్రుడు ముందే షరతు పెట్టాడు. "పేరు వేస్తే ప్రకటన అవుతుందిరా, వేయకపోతే వ్యాసం అవుతుంది" అన్నాడు.

వార్షికోత్సవ నాటికల్లో అతనికి వేషం దొరికేది కాదు. రాసి ఇచ్చిన సంభాషణను రాసినట్టు చెప్పడం అతనికి చేతకాకపోవడమే అందుకు కారణం. మా నాటకాల మాస్టారు అతణ్ణి వదులుకోలేక వేరే పని అప్పగించారు. ఒక అంశం ముగిసి తెర పడ్డాక, లోపల మేము బల్లలు జరుపుకుంటూ, మీసాలు అంటించుకుంటూ తంటాలు పడుతున్నంతసేపూ, అతను తెర ముందు మైకు పట్టుకొని సభ లేచిపోకుండా చూడాలి. తెర సందులోంచి మాస్టారు రెండు వేళ్లు చూపిస్తే రెండు నిమిషాలు మాట్లాడేవాడు, ఎవరి మీసమో ఊడిందని సైగ చేస్తే ఐదు నిమిషాలకు సాగదీసేవాడు. ముందు వరుసలో ఎవరైనా ఆవులిస్తే ఆ క్షణంలోనే మాట మార్చేవాడు. మైకు ముందు ఒక్కడే నిలబడి మాటలతో నవ్వించే స్టాండప్ కామెడీకి, తరువాత అతను ఎంచుకున్న వృత్తికి, ఇంతకు మించిన శిక్షణ ఏదైనా ఉంటుందని నేను అనుకోను. ఆ సమయంలో నేను తెర వెనుక నాటిక ప్రతి పట్టుకొని, మాట మరిచిపోయేవారికి అందించడానికి సిద్ధంగా నిలబడి ఉండేవాణ్ణి.

స్టాండప్ కమెడియన్‌కు సొంత షో రావడాన్ని పదోన్నతిగా భావించి అభినందించేవారు ఎక్కువ. అభినందన సబబే కానీ, అది పదోన్నతి కాదు, వృత్తి మార్పు. మైకు ముందు ఒంటరిగా నిలబడినవాడు తాను హాస్యగాడినని తెలిసే మాట్లాడతాడు. ఎదుటివారికీ ఆ సంగతి తెలుసు. జోకు తేలిపోతే, తేలిపోయిందన్న మాట మీదనే ఇంకొక నవ్వు రాబట్టగలడు. స్కెచ్‌లో ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ ఒక స్థలం, ఇద్దరో ముగ్గురో మనుషులు, ఒకే ఒక విపరీతం ఉంటాయి. ఆ విపరీతం అంతకంతకూ ముదరాలి, ముదిరి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ ఆగే చోటు దొరకకనే సగం స్కెచ్‌లు చెడిపోతాయని నా అభిప్రాయం.

అతని స్టాండప్‌లో బాగా పేరొచ్చిన ఒక భాగం కస్టమర్ కేర్ ఫోన్ గురించి. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం, దయచేసి లైన్‌లో ఉండండి" అనే రికార్డు గొంతును అనుకరించి, కాస్త ఆగి, "నేను ముఖ్యమని ఈ లోకంలో నాతో చెప్పిన ఆడగొంతు అదొక్కటే, అందుకే ఫిర్యాదు ఏమీ లేకపోయినా అప్పుడప్పుడు ఫోన్ చేసి కాసేపు వింటూ ఉంటాను" అంటాడు. వేదిక మీద ఎన్నడూ గురి తప్పని మాట అది. దాన్ని స్కెచ్‌గా మార్చడానికి కూర్చున్నప్పుడు మొదట పక్కన పెట్టవలసి వచ్చింది ఆ మాటనే, ఎందుకంటే అది మనసులోని ఆలోచన. కెమెరాకు కావలసింది జరిగే పని. చాలా తర్జనభర్జనల తరువాత, ఆ గొంతు గల మనిషినే అతనికి భార్యగా తెచ్చాము. భర్త ఆకలితో బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆమె చేతులు కట్టుకొని నిలబడి, "మీ ఆకలి మాకు చాలా ముఖ్యం, దయచేసి కూర్చునే ఉండండి" అంటుంది. ఆ తరువాత సంగీతం వస్తుంది. అతను విసుక్కుంటే, "మీ ఫిర్యాదును మా పై అధికారికి బదిలీ చేస్తున్నాను" అంటుంది. లోపలి గదిలోంచి అత్తగారు బయటికి వస్తుంది.

కాగితం మీద ఇది కుదిరింది. చిత్రీకరణలో మాత్రం అతను ప్రతి మాటకూ అలవాటు ప్రకారం కనుబొమ్మ ఎగరేసి కెమెరా వైపు చూడసాగాడు. వేదిక మీద అతని ఆస్తి అయిన ఆ చూపు ఇక్కడ సన్నివేశం గాలి తీసేసింది. హాస్యపాత్రకు తాను హాస్యపాత్రనని తెలియకూడదని మా మాస్టారు నాటిక వేసేవాళ్లందరికీ చెప్పేవారు. తెర ముందు ఉన్న మిత్రుడికి అప్పట్లో ఆ మాట వినవలసిన అవసరం రాలేదు. చివరికి అతను ముఖంలో ఏ భావమూ లేకుండా, బుద్ధిగా లైన్‌లో ఉన్న వినియోగదారుడిలా కూర్చోవడం నేర్చుకున్నాడు. అప్పుడు నవ్వులన్నీ భార్య పాత్ర వేసిన నటికి వెళ్లాయి. షో మీద పేరు తనది, పంచ్ మరొకరిది. ఒంటరిగా గెలిచి వచ్చిన మనిషికి దీన్ని జీర్ణించుకోవడం చిన్న విషయం కాదు.

మరో చిక్కు సరుకుది. స్టాండప్‌లో ఒక గంట ప్రదర్శన తయారు కావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది; ప్రతి రాత్రీ కొత్త సభ కాబట్టి అదే మాటను చెక్కుకుంటూ పోవచ్చు. టెలివిజన్ అరగంటలో ప్రకటనలు పోగా మిగిలేది 22 నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది, అందులో నాలుగైదు స్కెచ్‌లు ఖర్చయిపోతాయి, ఒకసారి ప్రసారమైంది మళ్లీ పనికిరాదు. మొదటి సీజన్ పాత నిల్వతో నడిచిపోతుంది. రెండో సీజన్‌కు గాదె ఊడ్చుకోవలసిందే.

ఈ దారిలో ముందు నడిచినవారిని మేము శ్రద్ధగా చూశాము. ఐర్లండ్‌కు చెందిన డేవ్ అలెన్ 1971 నుంచి 1979 వరకు బీబీసీలో చేసిన షోలో, ఎత్తైన స్టూలు మీద గ్లాసు పట్టుకొని కూర్చొని తన ధోరణిలో కబుర్లు చెప్పేవాడు. ఆ కబుర్ల మధ్య స్కెచ్‌లు వచ్చేవి. అమెరికాలో ఫ్లిప్ విల్సన్ 1970లో ఎన్‌బీసీ టెలివిజన్‌లో మొదలుపెట్టిన షోకు ప్రేక్షకులు చుట్టూ కూర్చునే గుండ్రటి వేదికను ఎంచుకున్నాడు. 2003లో ప్రారంభమైన తన షోలో డేవ్ షపెల్, ముందే చిత్రీకరించిన స్కెచ్‌లను స్టూడియోలోని ప్రేక్షకులకు తానే నిలబడి పరిచయం చేసి చూపించాడు. ముగ్గురూ స్టాండప్‌ను వదిలిపెట్టలేదు, షోలోనే దానికి చోటు కల్పించారు. నాకు ఇది అలంకారంగా తోచదు. జనానికి ఆ మనిషితో ఉన్న పరిచయం తెగిపోకుండా ఉండేది అక్కడే.

ఎదురుదెబ్బలూ ఉన్నాయి. క్లబ్బులో మాట్లాడినంత స్వేచ్ఛగా ప్రసార మాధ్యమంలో మాట్లాడనివ్వరు. రిచర్డ్ ప్రయర్ 1977లో ఎన్‌బీసీకి చేసిన షో, సెన్సారు అభ్యంతరాలతో ఘర్షణల నడుమ, నాలుగు ఎపిసోడ్‌లతోనే ఆగిపోయింది. షపెల్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. సుమారు 5 కోట్ల డాలర్లదని పత్రికలు రాసిన ఒప్పందం చేతిలో ఉండగా, 2005లో మూడో సీజన్ పని మధ్యలోనే అతను వెళ్లిపోయాడు. ఒక స్కెచ్ చిత్రీకరిస్తున్నప్పుడు సెట్ మీద ఒకరు నవ్విన తీరు తనను కలవరపెట్టిందని తరువాత చెప్పుకున్నాడు. వేదిక మీద అయితే అలాంటి నవ్వు వినబడగానే మరుసటి వాక్యంతో దాన్ని దారి మళ్లించవచ్చు. చిత్రీకరించిన స్కెచ్‌కు మరుసటి వాక్యం ఉండదు. ఎవరు దేనికి నవ్వుతున్నారో చూసి సరిదిద్దే అవకాశం చేసినవాడి చేతిలో మిగలదు.

ఈ కారణం వల్లనే మిత్రుడు తన షోలో ప్రతి రెండు స్కెచ్‌ల మధ్యా తాను ప్రేక్షకుల ముందుకు వచ్చి మాట్లాడే భాగం ఉండి తీరాలని పట్టుబట్టాడు. నిర్మాతలు మొదట సందేహించినా, ఆ తరువాత ఒప్పుకున్నారు. ఆ భాగానికి మేము ఏమీ రాయము. రాసి ఇచ్చినా అతను చెప్పడు, ఆ విషయంలో వార్షికోత్సవాల నాటి నుంచి మార్పు లేదు. అయితే మొదటి స్కెచ్‌కు ముందు వచ్చే మాట మరీ సాగుతోందని, సగానికి తగ్గించాలని నా వాదన. సభ వేడెక్కకుండా స్కెచ్ మొదలుపెట్టడం తనకు ఇష్టం లేదని అతని వాదన. రెండో సీజన్ రచన ఇప్పుడే మొదలైంది. ప్రతి సమావేశమూ ఈ తగాదాతోనే మొదలవుతోంది, ఇద్దరిలో ఎవరమూ ఇంకా వెనక్కి తగ్గలేదు.