నేలపట్టు గట్టున, పులికాట్ రోడ్డు మీద

నేలపట్టు పక్షుల చెరువుకు వెళ్లాలంటే జనవరి మంచి నెల. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండి ఉంటుంది, గూడబాతుల (పెలికాన్ల) గూళ్లలో పిల్లలు పెరుగుతుంటాయి, ఎండ ఇంకా ముదరదు. తిరుపతి జిల్లా దొరవారిసత్రం దగ్గరున్న ఈ చెరువునూ, అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సూళ్లూరుపేట దాటగానే పరుచుకునే పులికాట్ సరస్సునూ ఒకే యాత్రలో చూడాలని నా కోరిక. ఈ గూడబాతులు గూడు కట్టుకునేది నేలపట్టులో, చేపల వేటకు వెళ్లేది పులికాట్‌కు. అవి రోజూ తిరిగే దారిలో మనమూ తిరిగితే వాటి సంసారం కొంతైనా అర్థమవుతుందని నా నమ్మకం.

సంక్రాంతి సందడి సద్దుమణిగాక నలుగురం విజయవాడ నుంచి కారులో బయలుదేరాం. ఫోటోలు తీయడం మాలో ఎవరికీ వృత్తి కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన మాకెవరికీ చుట్టం కాకపోయినా అందరికీ బాబాయిగారే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, మందుల దుకాణం నడిపే మిత్రుడు, నేను. ఒంగోలు దాటేదాకా లోకాభిరామాయణం, ఆ తర్వాత నెల్లూరు దాకా లెన్సులే.

కారు డిక్కీలో ఎవరి సరంజామా వారిది. మిత్రుడిది సోనీ ఏ7 నాలుగో తరం బాడీ (లెన్సు లేని కెమెరా), దానికి 200-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు. ఆ లెన్సు ఒక్కటే రెండు కిలోలకు పైన తూగుతుంది. అమ్మాయిది కెనాన్ ఆర్10, 100-400 లెన్సు. ఆ లెన్సు బరువు 635 గ్రాములే. నాది సోనీ ఏ6400, 70-350. బాబాయిగారు చాలాకాలం నికాన్ డి7200తో తీసి, ఈ మధ్యే అదే కంపెనీ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా జడ్50కి మారారు. బాడీ మారింది గానీ ఆయన పాత 80-200 ఎఫ్ 2.8 లెన్సును మాత్రం వదులుకోలేదు.

దాని సంగతి కాస్త చెప్పాలి. అద్దం ఉన్న పాత నికాన్ కెమెరాల్లో లెన్సు బిగించే మౌంటు నుంచి ఫోటోను పట్టే సెన్సరుకు 46.5 మిల్లీమీటర్ల దూరం. మిర్రర్‌లెస్ జడ్ మౌంటులో అది 16 మిల్లీమీటర్లే. అద్దం పోయాక మిగిలిన ఆ జాగాలోనే లెన్సునూ బాడీనీ కలిపే అడాప్టరు ఇమిడిపోతుంది, అందుకే పాత లెన్సులు కొత్త బాడీకి అతుకుతాయి. కానీ బాబాయిగారి లెన్సు ‘డి’ రకానిది. దానిలో ఫోకస్ మోటారు ఉండదు. పాత బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పేది. జడ్50లో గానీ అడాప్టరులో గానీ ఆ మోటారు లేదు. కాబట్టి చేత్తో తిప్పుకోవలసిందే.

“అమ్మేసి కొత్తది తీసుకోవచ్చు కదా బాబాయిగారూ” అంది అమ్మాయి.

“అమ్మితే వచ్చే డబ్బు ఎంతో నాకు తెలుసమ్మా. ఇది తీసే ఫోటో ఎలా ఉంటుందో కూడా తెలుసు. రేపు చూద్దువుగాని” అన్నారాయన.

రాత్రి సూళ్లూరుపేటలో బస చేసి, తెల్లవారక ముందే నేలపట్టు చేరుకున్నాం. కారు కాస్త ముందుగానే ఆపి, ఏసీ తీసేసి, అద్దాలు దించి కూర్చోబెట్టారు బాబాయిగారు. చల్లటి కారులోంచి లెన్సును ఒక్కసారిగా తీరప్రాంతపు తేమలోకి తెస్తే ముందు గాజు మీద, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మీద ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్లీ కమ్ముకుంటుంది. బ్యాగు జిప్పు తీయకుండా బయటి వేడికి అలవాటు పడనిస్తే ఆ బాధ ఉండదు. మంచి వెలుగు ఉండేదే గంటసేపు. అందులో పావుగంట గాజు తుడుచుకుంటూ గడిస్తే అంతదూరం వచ్చిన ప్రయోజనమేముంది?

చెరువు గట్టు మీద నడక మొదలుపెట్టగానే ముందు వాసన తగులుతుంది, ఆ తర్వాత చప్పుడు. నీళ్లలో సగం మునిగి నిలబడ్డ బారింగ్టోనియా చెట్ల నిండా గూళ్లే. పెద్ద గూడబాతులు దాదాపు నోరు విప్పవు; గోలంతా పిల్లలదే. పక్క కొమ్మల మీద నత్తగుల్ల కొంగలు ముక్కులు టకటకలాడిస్తుంటాయి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, వెలుగు వెనకనుంచి పడితే ఆ సందులోంచి ఆకాశం కనిపిస్తుంది. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. రెట్టలతో కొమ్మలు సున్నం కొట్టినట్లు తెల్లబడ్డాయి. ఆ రెట్టలు కలిసిన నీళ్లు పారితే పొలాలకు బలమని అక్కడి కాపలాదారు చెప్పాడు.

“మా ఊళ్లో వీటిని ఎవరూ తరమరు సార్. పక్షులు రాని ఏడు చెరువు నిండలేదని లెక్క” అన్నాడు.

వెలుతురు రావడంతోనే అసలు పరీక్ష మొదలైంది. గూడబాతు బూడిద కలిసిన తెలుపు. దాని వెనక చెట్లు ముదురు ఆకుపచ్చ. కెమెరా ఆ చీకటిని చూసి ఫోటో మొత్తాన్ని వెలిగిస్తుంది, పక్షి వీపు మీది ఈకల గీతలు తెల్లగా పాలిపోయి కనబడకుండా పోతాయి. అద్దం కెమెరాలో ఇది తీశాక గానీ తెలిసేది కాదు. తీయడం, వెనక తెరమీద చూడటం, సరిదిద్దుకోవడం, ఈలోగా పక్షి ఎగిరిపోవడం. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టగానే రాబోయే ఫోటో కనిపిస్తుంది. తెలుపు పోయేచోట జీబ్రా గీతలు కదులుతాయి. డయలు రెండు మెట్లు కిందికి తిప్పితే గీతలు మాయమై ఈకలు తిరిగి వస్తాయి. కన్ను తీయనక్కరలేదు. మిర్రర్‌లెస్ మాకు చేసిన మేలు ఏమిటని అడిగితే చాలామంది వేగం, తేలిక అని అంటుంటారు. నేను మాత్రం ముందు ఇదే చెబుతాను. చూపు పక్షి మీదినుంచి మరలదు కాబట్టి పక్షి ఏం చేయబోతోందో తెలుస్తుంది.

అలా చూస్తుండగానే ఎదుటి గూటిలో ఒక పిల్ల తల్లి ముక్కును పొడవడం మొదలుపెట్టింది. తల్లి నోరు బార్లా తెరిచింది. పిల్ల తల, ఆ తర్వాత మెడ, ముక్కు కింది సంచిలోకి వెళ్లిపోయాయి. బయట మిగిలింది ఒళ్లూ, ఆడుతున్న పొట్టి రెక్కలూ. తల్లి సంచి చర్మం లోపలినుంచి ఉబ్బుతూ అణుగుతూ ఉంటే ఆ పలచటి చర్మం మీది నరాలు కూడా ఎదురెండలో కనిపించాయి. అంతా కలిపి నిమిషం కూడా లేదు. బాబాయిగారు ట్రైపాడ్ మీద లెన్సు పెట్టుకుని, వ్యూఫైండర్‌లో బొమ్మను పెద్దది చేసి, ఫోకస్ కుదిరిన అంచుల మీద రంగు మెరిసే ఫోకస్ పీకింగ్ సాయంతో రింగును వేలికొసలతో తిప్పుతున్నారు. గూడు కదలదు కాబట్టి ఆయనకు ఆ వేగం సరిపోతుంది. ఎగిరే పక్షి జోలికి ఆయన పోలేదు.

అమ్మాయి దృష్టి మాత్రం ఎగిరే పక్షి మీదే. గూడబాతు కొమ్మ వదిలే ముందు మెడ కాస్త ముందుకు చాచి, కాళ్లు మడిచి, ఒక్క ఉదుటున కిందికి దూకుతుంది. అది చూసి మనం బటన్ నొక్కేసరికి తోక మిగులుతుంది. ఆర్10లో ముందస్తు షూటింగ్ సదుపాయం ఉంది. బటన్ సగం నొక్కి ఉంచితే కెమెరా ఆగకుండా చూస్తూనే ఉంటుంది, పూర్తిగా నొక్కినప్పుడు అంతకు ముందు అరసెకను నుంచి జరిగినదంతా సెకనుకు 30 బొమ్మల చొప్పున దాచుకుంటుంది. దూకే క్షణం ఆమెకు దొరికింది. కాకపోతే ఆ పద్ధతిలో పనిచేసేది ఎలక్ట్రానిక్ షట్టర్. సెన్సరును పై వరసనుంచి కింది వరసదాకా వరసగా చదువుకుంటూ వచ్చేసరికి రెక్క కొంత కిందికి దిగిపోయి ఉంటుంది; ఫోటోలో రెక్క కొస వంగిపోతుంది. మెల్లగా రెక్కలాడించే గూడబాతుకు ఇది అంతగా తెలియదు గానీ, నీటికాకి రెక్కలు మాత్రం అరటాకు విరిగినట్లు వచ్చాయి. వేగంగా రెక్కలాడించే పిట్టలకు మెకానికల్ షట్టరే మేలని అక్కడికక్కడే తేల్చుకున్నాం.

అయితే ఎలక్ట్రానిక్ షట్టర్‌కు ఇంకో గుణం ఉంది. చప్పుడు చేయదు. గూళ్లున్న చోట అది చిన్న విషయం కాదు. గట్టుకు దగ్గరగా ఉన్న చెట్టు మీద నత్తగుల్ల కొంగ ఒకటి మమ్మల్ని పట్టించుకోకుండా పుల్లలు సర్దుకుంటూనే ఉంది. పక్కనే ఎవరో పాత కెమెరాతో వరసగా క్లిక్కుమనిపించినప్పుడు ఒక్కసారి తల ఎత్తి బిగుసుకుపోయింది. పిల్లలున్న తల్లికి అలాంటి బెదురు కలిగించకుండా నిలబడగలగడం, నా లెక్కలో, ఏ లెన్సూ ఇవ్వలేని గొప్ప వసతి.

పొద్దెక్కేకొద్దీ భారం మాట బయటికి వచ్చింది. మిత్రుడి 200-600 తీసే ఫోటోలకు పేరు పెట్టలేం. పక్షి కన్నును వెతికి పట్టుకునే ఫోకస్, ఆకుల సందులోంచి కూడా తప్పదు. కానీ వాచ్‌టవర్ మెట్లెక్కి, దిగి, గట్టు వెంట నడిచేసరికి ఆయన చేతులు వణకసాగాయి. ట్రైపాడ్ దింపినచోటే ఉండిపోయారు. అమ్మాయి తేలిక లెన్సుతో చెట్టుచెట్టుకూ తిరిగింది. దాని అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) 400 దగ్గర ఎఫ్ 8, అంటే చిన్నది. చీకటి వదలని వేళ ఐఎస్ఓ (తక్కువ వెలుగులో పెంచుకునే సెట్టింగు) 6400 దాకా పోయి ఫోటోలో గరుకు కనిపించింది. ఎండ వచ్చాక ఆ లోటు తీరిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగితే ఆ చిన్న లెన్సే కొనమంటాను. ఇంట్లో అలమారాలో ఉండిపోయే పెద్ద లెన్సు కంటే ప్రతి ఆదివారం భుజానికి తగిలించుకోగల లెన్సు మంచిది.

బ్యాటరీల విషయంలో మాత్రం పాత కెమెరాలే నయం. డి7200కి ఒక్క చార్జితో 1,110 ఫోటోలని కంపెనీ లెక్క. ఒక్క బ్యాటరీతో రోజు గడిచిపోయేది. జడ్50కి అందులో మూడో వంతు కూడా లేదు, వ్యూఫైండర్ తెర వెలుగుతూనే ఉండాలి కదా. అందరి జేబుల్లోనూ అదనపు బ్యాటరీలు ఉన్నాయి.

మధ్యాహ్నానికి ముందే పులికాట్ చేరాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి సాగుతుంది. రెండువైపులా పలచటి ఉప్పునీళ్లు, ఆ కొసన అంతరిక్ష కేంద్రం. మన దేశంలో చిలకా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చెక్‌పోస్టు దాకా పోకుండా, రోడ్డు పక్క విశాలంగా ఉన్నచోట ఆగాం. దూరంగా నీళ్ల మీద గులాబీ గీత. ఫ్లెమింగోలు.

మిత్రుడు 600 దగ్గర పెట్టి గురిచూశారు. కన్ను దొరికింది, ఫోకస్ చతురస్రం పచ్చబడింది. తీరా పెద్దది చేసి చూస్తే ఈకల్లో వాడి లేదు, పొడవాటి కాళ్లు మెలికలు తిరిగి ఉన్నాయి. షట్టర్ వేగం రెండువేలో వంతు సెకనుకు పెంచారు. అదే తీరు. నా 70-350తోనూ అదే. లోపం ఏ లెన్సుదీ కాదు. వేడెక్కిన రోడ్డు, ఎండిన ఒండ్రు, చల్లటి నీళ్లు, వీటిమీద గాలి ఒక్కో పొర ఒక్కో వేడిలో కదులుతుంటుంది. ఎండలో తారురోడ్డు మీద కనిపించే ఆ అలల్లోంచే కెమెరా చూడాలి. లెన్సు పొడవు పెరిగితే పక్షితో పాటు ఆ అలలు కూడా పెద్దవవుతాయి. ఎంత ఖరీదైన గాజైనా గాలిని సరిచేయలేదు. పక్షి దగ్గరగా రావాలి, లేదా మనం పొద్దున్నే రావాలి.

అప్పుడే ఒక కారు ఆగింది. దిగినవాళ్లలో ఒకరు ఫ్లెమింగోలు ఎగిరితే రెక్కల కింది ఎరుపు కనిపిస్తుందని చప్పట్లు చరచడం మొదలుపెట్టారు. బాబాయిగారు గబగబా వెళ్లారు.

“బాబూ, అవి బురదలో తల తలకిందులు చేసి వడకట్టుకుని తింటున్నాయి. ఊరికే లేపితే తిన్న బలమంతా ఎగరడానికే ఖర్చయిపోతుంది. కాసేపు ఓపిక పట్టండి, వాటంతట అవే లేస్తాయి.”

ఆయన గొంతులో కోపం లేదు, కానీ తగ్గేదీ లేదు. వాళ్లు ఆగారు. బాబాయిగారు తన కెమెరా వ్యూఫైండర్ వాళ్ల పిల్లవాడికి చూపించారు. అరగంట తర్వాత గాలి తిరిగి, గుంపులో ఒక కొస గాలికి ఎదురుగా నీళ్ల మీద పరుగెత్తి లేచింది. నలుపూ ఎరుపూ కలిసిన రెక్కలు వరసగా విప్పుకుంటుంటే ఆ పిల్లవాడి కేక రోడ్డు అవతలికి వినిపించింది. ఆ క్షణం నేను కిట్ లెన్సు, అంటే కెమెరాతో పాటు వచ్చే చిన్న లెన్సు, తగిలించి ఉన్నాను. పక్షులు చిన్నవిగా, నీళ్లూ ఆకాశమూ పెద్దవిగా వచ్చిన ఫోటో అది. అలల బెడద లేదు. పులికాట్‌లో మధ్యాహ్నపు ఫోటోల్లో నాకు నచ్చింది అదొక్కటే.

లెన్సు మార్చింది మాత్రం కారులో కూర్చుని, అద్దాలు ఎత్తాకే. ఉప్పుగాలి, సన్నటి ఒండ్రు దుమ్ము. మిర్రర్‌లెస్‌లో లెన్సు తీస్తే సెన్సరు ఎదురుగానే ఉంటుంది, అడ్డంగా నిలిచే అద్దం లేదు. బాడీని కిందికి వంచి, మూత తీసిన వెంటనే రెండో లెన్సు పెట్టాలి. సాయంత్రం బసకు రాగానే అందరం తడిగుడ్డను గట్టిగా పిండి బాడీల మీది ఉప్పు తుడిచాం. లెన్సు గాజుకు ముందు బ్లోయరుతో గాలి కొట్టి, ఆ తర్వాతే గుడ్డ. ఇంటికి చేరాక సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి. కోస్తా తేమలో బ్యాగులోనే వదిలేసిన లెన్సుకు బూజు పట్టడం ఖాయం.

మర్నాడు చీకటితోనే మళ్లీ అదే రోడ్డు. గాలి నిలకడగా ఉంది, ఫ్లెమింగోలు రోడ్డుకు చాలా దగ్గరగా వచ్చి ఉన్నాయి. నిన్న మెలికలు తిరిగిన కాళ్లు ఈరోజు గీత గీసినట్లు వచ్చాయి, అదే 600తో. తలల మీదుగా గూడబాతులు వరసకట్టి పోతుంటే వాటి గూళ్లు ఎక్కడున్నాయో, ఎవరికోసం వేటకు వచ్చాయో మాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో నాయుడుపేట దగ్గర టీ తాగుతూ వచ్చే సీజన్ లెక్కలు వేసుకున్నాం. నవంబరు వానల తర్వాత, గూళ్లు కడుతున్న రోజుల్లో రావాలి. పెద్ద లెన్సు ఒక్కటే తేవాలి, దాన్ని ట్రైపాడ్ మీద పెట్టి వంతులవారీగా వాడుకోవాలి. మిగతావన్నీ తేలికవి.

“నా 80-200 తప్ప” అన్నారు బాబాయిగారు.

“అది మీ వంతుకు లెండి” అంది అమ్మాయి, ఆయన తీసిన తల్లీపిల్లల ఫోటోను ఫోనులోకి పంపించుకుంటూ.