నడుముకి మత్తు ఇచ్చాక బీపీ పడిపోయింది: నా అనుభవం

అనస్తీషియా పీజీలో చేరిన ఐదో నెలలో, ఒక సిజేరియన్ కేసు మొదటిసారి మొత్తం నేనే చూసుకున్నాను. మేడమ్ పక్కనే ఉన్నారు కానీ దేనికీ చెయ్యి పెట్టలేదు.

పొద్దున్నే మందులు కలుపుకున్నా. పడిపోయిన బీపీని పెంచే మందు ఫినైలెఫ్రిన్ ఒక్క మి.లీ. ఆంప్యూల్‌లో 10 మిల్లీగ్రాములు ఉంటుంది, మనం ఒకసారికి ఇచ్చేది 50 నుంచి 100 మైక్రోగ్రాములే, అంటే ఆ చిన్న ఆంప్యూల్‌లో కనీసం వంద డోసులున్నట్టు. అందుకే దాన్ని 100 మి.లీ. సెలైన్‌లో కలిపి, సిరంజిలోకి తీసి, తెల్ల ప్లాస్టర్ ముక్క మీద మందు పేరు, మి.లీ.కి ఎంత అనేది పెన్నుతో రాసి అంటించి, సిస్టర్‌తో కూడా పైకి చదివించా. ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

సూది సాఫీగానే పడింది. నడుముకిచ్చే మత్తుమందు హెవీ బుపివకైన్ 2 మి.లీ. ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా కుడి తుంటి కింద మడతపెట్టిన గుడ్డ పెట్టాం. బీపీ నిమిషానికోసారి చూసేలా మానిటర్ సెట్ చేశా. మొదట 118, తర్వాత 110. ఫర్వాలేదు అనుకుంటుండగానే ఆమె ఆవలించింది, పెదాలు పాలిపోయాయి, "డాక్టరమ్మా, కడుపులో తిప్పుతోంది" అంది నెమ్మదిగా. చేతికి కట్టిన బీపీ కఫ్ ఇంకా బిగుస్తూనే ఉంది. అంకె వచ్చేసరికి 82.

మత్తుతో కాళ్లలో, పొట్టలో రక్తనాళాలు వదులైపోతాయి, రక్తం కిందే ఆగిపోతుంది, బిడ్డకు వెళ్లేదీ తగ్గుతుంది. పల్స్ 96 ఉంది కాబట్టి ఫినైలెఫ్రిన్ ఒక మి.లీ. ఇచ్చా. నిమిషంలో 106కి వచ్చింది. కాసేపటికి మళ్లీ 88, ఈసారి పల్స్ 56. నా చెయ్యి అదే సిరంజి మీదికి వెళ్లింది.

"పల్స్ చూడమ్మా," అన్నారు మేడమ్.

ఫినైలెఫ్రిన్ పల్స్‌ని ఇంకా తగ్గిస్తుంది. మెఫెంటెర్మిన్ 6 మిల్లీగ్రాములు ఇచ్చా, గుండె వేగాన్నీ పెంచుతుంది కాబట్టి. రెండూ కోలుకున్నాయి. "ఇప్పుడెలా ఉందమ్మా?" అంటే "తేలికైంది" అంది. ఆ మాట వినేదాకా నా టెన్షన్ తగ్గలేదు.

చాలామంది డాక్టర్లంటే భయంతో, మొహమాటంతో నోరు విప్పరు. ఇప్పుడు సూది వేసే ముందే ప్రతి తల్లికీ చెబుతున్నా: కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే చెప్పమ్మా, నేను నీ తల దగ్గరే ఉంటా.