అలారం బ్యాటరీలు గడియారంలో వేసిన తెలివి నాది

నిన్న రాత్రే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాం. తల ఇంకా కొంచెం దిమ్ముగానే ఉంది. సిగ్గు తగ్గిపోతే మళ్ళీ రాయనేమో, ఇప్పుడే రాస్తున్నాను.

మాది మల్కాజిగిరిలో పాత ఇండిపెండెంట్ ఇల్లు. జహీరాబాద్ దగ్గరి పల్లె నుంచి దసరా తర్వాత అత్తమ్మ మా దగ్గరికి వచ్చేసింది. గ్యాస్ మీద కాల్చిన జొన్నరొట్టె ఆమెకు నచ్చదు. "గిది రొట్టెనా, అట్టముక్కనా" అని పళ్ళెం పక్కకు నెట్టేది. సరే, వెనక వరండాలో కట్టెల పొయ్యి పెట్టిద్దామనుకున్నాను. దోమల బాధకు నిరుడే ఆ వరండా చుట్టూ అద్దాల కిటికీలు బిగించాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పొయ్యి వెల్డింగ్ షాపులో వారంలో తయారైంది, చిన్న తలుపుతో సహా. పైపు రాణిగంజ్‌లో కొన్నాను, ఆరంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలుది. పైపు కప్పు మీదికి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల్లో ఏదైనా ఉంటే దానికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. మాకు నీళ్ళ ట్యాంకు అడ్డొచ్చింది, ఇంకో ముక్క వేయించాను. పైపు ముక్కలు కలిపేటప్పుడు పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగాలి. అప్పుడే పొగ చల్లబడి కారే నల్ల తారు బయటికి రాదు. మేస్త్రీ తిరగేసి పెట్టబోతే నేనే ఆపాను. "ముప్పై ఏండ్ల నుంచి చేస్తున్న మేడం" అని మూతి ముడుచుకున్నాడు. చివరికి నేను చెప్పినట్టే బిగించాడు.

కట్టెల డిపో అతని గురించి మాత్రం రెండు మాటలు అనకుండా ఉండలేను. ఏడాది ఎండిన తుమ్మ అని ఒట్టేసి ఇచ్చాడు. అంటిస్తే కొసల్లోంచి నురగ! తూకం మీద అమ్మేవాడికి నీళ్ళూ సరుకే. నవంబరులో 4 కిలోలున్న మొద్దు మీద పెన్నుతో తేదీ రాసి మేడ మీద ఎండబెట్టాను. జనవరికి 3 కిలోలైంది. అంటే కిలో నీళ్ళు కొన్నాను. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. రెండు మొద్దులు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవైతే ఖంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. ఇంకోటి, మా వీధి వడ్రంగి ప్లైవుడ్ ముక్కలు ఊరికే ఇస్తానన్నాడు. వాటినిండా జిగురే. ఆ పొగ మీద కాల్చిన రొట్టె ఎవరు తింటారు?

ఇవి చాలవని ఆన్‌లైన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటే మోగే అలారం కూడా తెప్పించాను. మా కాలనీలో ఇంకెవరింట్లోనూ లేదని ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను కూడా. ఇక వినండి.

సంక్రాంతి సెలవులకు ముందు, చలి గట్టిగా ఉన్న రాత్రి. రొట్టెలయ్యాక అత్తమ్మ నిప్పుల మీద బూడిద కప్పి, పైపులోని రేకు మూత తిప్పి మూసేసింది. ఊళ్ళో రోజూ చేసే పనే. "నిప్పు ఆర్పితే పొద్దుగాల మళ్ల ఎవలు ఊదుతరు?" అంది. చలికి కిటికీలూ వేసేసింది. నేనూ వెళ్ళి చూశాను. పొగ లేదు, వాసన లేదు, మంట లేదు. పడుకున్నాం.

రాత్రి రెండింటికి అలారం మోగింది. నాలుగు కూతలు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు. లేచి వెళ్ళి చూస్తే ఎక్కడా పొగ లేదు. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. పాప లేస్తుందని రెండు బ్యాటరీలూ పీకేశాను. పొద్దున వాటిని పారేయబోతూ, ఎందుకైనా మంచిదని హాల్లో నెలలుగా ఆగిపోయిన గోడ గడియారంలో వేశాను. గడియారం నడిచింది! ఎంత సంతోషమో. అయిపోయిన బ్యాటరీ గడియారాన్ని ఎలా నడిపిస్తుందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. బ్యాంకులో ఊరివాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టే ఉద్యోగం నాది.

ఆ పొద్దున ముగ్గురికీ తలనొప్పి. పాప వాంతి చేసుకుంది. రాత్రి తిన్న పచ్చిపులుసును అనుమానించాను. కరోనా నాటి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే వేలి మిషన్ బయటికి తీసి అందరికీ పెట్టాను. 98, 98, 97. హమ్మయ్య అనుకున్నాను. పాప బడికి వెళ్ళి హుషారుగా తిరిగొచ్చింది, నాకూ బ్యాంకులో తలనొప్పి తగ్గింది. మర్నాడు మళ్ళీ అదే తంతు. వీధి చివరి క్లినిక్‌కు వెళ్తే, పొయ్యి సంగతి అడగకుండానే "గ్యాసమ్మా" అని మాత్రలు రాసిచ్చారు. ఆ మాట నిజమే, గ్యాసే. కడుపులోది కాదంతే.

మూడో పొద్దున అత్తమ్మ బాత్రూమ్ గుమ్మం దగ్గర కూలబడింది. నా కేకలకు ఎదురింటి సార్ పరుగెత్తుకొచ్చారు. సింగరేణి బొగ్గు గనుల్లో ఓవర్‌మ్యాన్‌గా, అంటే గని లోపల పని చూసే సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. జ్వరముందా అన్నారు, లేదన్నాను. అందరికీ ఒకేసారా అన్నారు, అవునన్నాను. బయటికి వెళ్తే తగ్గుతోందా అన్నారు. "అమ్మా, ఇంట్లో ఏం కాలుతోంది?"

ముందు అందరినీ వీధిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయించారు. అంబులెన్స్ వచ్చేలోపు, అలారంలాంటిది పెట్టుకోలేదా అని అడిగారు. ఉంది సార్ అన్నాను. మోగలేదా అన్నారు. నేను తలుపులోంచి హాల్లో గడియారం వైపు చూశాను. సరైన టైమే చూపిస్తోంది.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, మాస్కుతో ఆక్సిజన్ పెట్టారు. 98 వచ్చింది కదా మేడం అని నేను వాదించాను కూడా! అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందట. వేలి మిషన్‌కు ఆ తేడా తెలియదు, రెండింటినీ ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. మామూలు గాలి పీలిస్తే రక్తంలో అది సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో అయితే గంట, గంటన్నర.

ఎదురింటి సార్ సాయంత్రం ఆసుపత్రికి వచ్చి, బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఈ గ్యాస్‌ను ముందే పసిగట్టడానికి పంజరంలో పిట్టలను లోపలికి తీసుకెళ్ళేవారని, పిట్ట కూలబడితే అదే అలారమని చెప్పారు. "మీరు పిట్ట గొంతు నొక్కేశారమ్మా" అన్నారు. అత్తమ్మ మాస్కు లోపల నవ్వింది.

మంట ఉన్నంతసేపు పైపు వేడెక్కి పొగను పైకి లాగుతుంది. మంట పోయాక పైపు చల్లబడుతుంది, బూడిద కింది నిప్పులు మాత్రం గాలి చాలక ఈ విషాన్నే వదులుతుంటాయి. మేం పైగా మూత కూడా వేశాం. ఊళ్ళో వాళ్ళది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి అంతా పోయేది. అందుకే అన్నేళ్ళూ ఏమీ కాలేదు. ఆమెను నేనొక్క మాట అనలేదు. బ్యాటరీలు పీకింది ఆమె కాదు కదా.

ఇవాళ పొద్దున మూత రేకు ఊడదీయించేశాను. వరండాలో రెండు అద్దాలు తీయించి జాలీ కొట్టించాను. పొయ్యి ఖాళీగా ఉన్నప్పుడు తలుపు దగ్గర ఊదుబత్తి పెట్టి చూస్తే పొగ లోపలికి పోయింది. వంటింట్లో ఎలక్ట్రిక్ చిమ్నీ వేయగానే అదే పొగ గదిలోకి తిరిగింది! అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి గాలి పొయ్యి పైపులోంచే దిగుతోందన్నమాట. ఈ రెండూ కలిపి నడపకండి. రాత్రికి నిప్పులు దాచొద్దు. చల్లారిందనుకున్న బూడిదలో కూడా నిప్పుంటుంది, మూతున్న ఇనప బకెట్‌లో వేసి బయట సిమెంటు నేల మీద పెట్టండి.

అలారం పుస్తకం ఇప్పుడు చదివాను. రెండో పేజీలోనే ఉంది, చీమతలకాయంత అక్షరాల్లో. వరుసగా నాలుగు కూతలైతే గ్యాస్, ఎప్పుడో ఒకసారి ఒక్క కూతైతే బ్యాటరీ. బ్యాటరీలు మళ్ళీ దానికే వేశాను, గడియారం ఆగిపోయింది.

అత్తమ్మ ఇవాళ పాలు గ్యాస్ మీదే కాచుకుంది. సగం గ్లాసు వదిలేసింది.