నా మార్కు పట్టుకుపోయిన 'ఆతతాయి'

రిజల్ట్స్ వచ్చి నాలుగు రోజులైంది. ఎట్టకేలకు తెలుగు పండిట్ పోస్టు కొట్టాను. మెథడాలజీ ఎలా చదివావు, సైకాలజీకి ఏ పుస్తకం అని ఒకటే మెసేజ్‌లు. అవి అందరూ చదివినట్టే చదివాను, కొత్తగా చెప్పడానికేం లేదు. నాకు చెప్పాలని ఉన్నది పోయినసారి పోయిన ఒక్క మార్కు గురించి.

అర్థాల్లో 'ఆతతాయి' ఇచ్చారు. దాడి చేసేవాడని లీలగా తెలుసు. ఆప్షన్లలో 'ఆగంతకుడు', 'చంపబూనినవాడు' రెండూ ఉన్నాయి. రోజూ పేపర్లో 'ఆగంతకుల కాల్పులు' అని చదివే కళ్లు కదా, తడుముకోకుండా ఆగంతకుడు పెట్టేశాను. తప్పు! ఆగంతకుడంటే ఎక్కడినుంచో వచ్చినవాడు, ముక్కూమొహం తెలియనివాడు, అంతే. పిలవకుండా వచ్చిన అతిథి కూడా ఆగంతకుడే. అయినా తప్పంతా నాదే అంటే ఒప్పుకోను, పత్రికలకూ వాటా ఉంది.

ఆ ఉక్రోషంతో ఆ మాట వెంటపడ్డాను. 'ఆతత' అంటే చాచిన, లాగిన. విల్లు ఎక్కుపెట్టి మీదికొచ్చేవాడు ఆతతాయి. వసిష్ఠ ధర్మసూత్రం ఈ పేరు ఆరుగురికి పెట్టింది: నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధంతో వచ్చేవాడు, సొమ్ము కాజేసేవాడు, పొలం లాక్కునేవాడు, పరభార్యను ఎత్తుకుపోయేవాడు. ఆరుగురిలో ఆయుధం పట్టినవాడు ఒక్కడే, గమనించారా?

ప్రయోగాలు చూస్తే ఇంకా రుచి. ఆతతాయి మీదికొస్తే గురువైనా సరే, ఆలోచించకుండా చంపమంటుంది మనుస్మృతి. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కౌరవుల్ని ఆతతాయులంటూనే, వీళ్లను చంపితే మనకే పాపం అంటాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాకే అతని ఇరకాటం నాకు తెలిసొచ్చింది. భాగవతంలో నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామదీ ఇదే పేరు. బ్రాహ్మణాధముణ్ణి చంపకూడదు, ఆతతాయిని చంపాలి, రెండూ నా మాటలే అంటాడు కృష్ణుడు. పాపం అర్జునుడు జుట్టు కోసి, మణి లాక్కుని, వెళ్లగొట్టి బయటపడ్డాడు.

రోజుకు వంద పదాలని టార్గెట్ పెట్టుకుని పీడీఎఫ్‌లు పోగేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పది చాలు, కానీ ఆ పదింటికీ నిఘంటువు తెరవండి. ఒక్క మాట మీద మూడు రోజులా అని ఫ్రెండ్స్ నవ్వారు. నవ్వనివ్వండి, వ్యుత్పత్త్యర్థాల్లో నాకు ఈసారి ఒక్కటీ పోలేదు.

ఆతతాయి మాత్రం ఈసారి పేపర్లో రాలేదు. చివరి పేజీ దాకా వెతికాను.