ప్రమాదీచలో కట్టిన ఇల్లు

1972లో ఎనిమిదో తరగతిలో చేరినప్పటి నుండి మూడేళ్ల పాటు నేను ఉన్న మన బడి వసతి గృహం, నిజానికి పిల్లల కోసం కట్టినది కాదు. కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడక దూరంలో ఒక వ్యాపారి కుటుంబం తమకోసం కట్టుకున్న ఇంటిని బడివారు అద్దెకు తీసుకున్నారు. వీధి గుమ్మం పైరాతి మీద తెలుగు సంవత్సరం పేరుతో సహా 'ప్రమాదీచ 1913' అని చెక్కి ఉండేది. 1973 ఉగాది నాడు పంచాంగ శ్రవణం నుండి వచ్చిన వార్డెను గారు మమ్మల్ని ఆ రాతి కిందికి పిలిచి, అరవై ఏళ్లు తిరిగి మళ్లీ ప్రమాదీచే వచ్చిందనీ, ఇది ఇంటికి షష్టిపూర్తి అనీ చెప్పి భక్ష్యాలు పెట్టించారు. అప్పట్లో నాకు భక్ష్యాల మీద ఉన్న శ్రద్ధ ఇంటి మీద లేదు.

సివిల్ ఇంజనీరింగు చదివాకనే ఆ ఇంటిని సరిగా చూడగలిగాను. రెండడుగుల మందం గల రాతి గోడలు, నడుమ ఆకాశం కనిపించే తొట్టి, దాని చుట్టూ టేకు స్తంభాల పడసాల, కింద బేతంచెర్ల నాపరాళ్లు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో చొక్కాలు విప్పి ఆ బండల మీద పడుకునేవాళ్లం. ఎవరైనా లెక్క అడిగితే లేవకుండా సుద్దముక్కతో పక్కనే ఉన్న బండ మీద చేసి చూపేవాళ్లం. పైకప్పు మద్రాసు టెర్రసు: టేకు దూలాల మీద సన్నని ఇటుకలను అంచుమీద నిలబెట్టి ఏటవాలు వరుసలుగా సున్నంతో పేర్చి, వాటిపై ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన జల్లి పరచి, కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ, ఆడకూలీలు వరుసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరచిన కప్పు అది. ఆ సున్నాన్ని ఎద్దులు తిప్పే గానుగలో ఇసుకతో కలిపి నూరేవారు. అలంకారం అని చెప్పదగినది పిట్టగోడ మీది పూలకుండీలు తప్ప మరేమీ లేదు. ఆ ఇంటి గొప్పతనమంతా కట్టడంలోనే ఉందని నా అభిప్రాయం.

చరిత్రలో దానికి దక్కిన చోటు చిన్నదే. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కార్యాలయాలకు చోటు చాలక గుడారాలు వేశారు. ఊళ్లో పెద్ద ఇళ్లకు గిరాకీ పెరిగింది. మన ఇంట్లోనూ మూడేళ్లు గుమాస్తాలు కాపురమున్నారని వంటమనిషి చెప్పేది. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోగానే గదులు ఖాళీ అయ్యాయట.

ఇక నా తప్పు సంగతి. 1986లో గోడల అడుగుభాగంలో చెమ్మ కనిపిస్తోందని బడివారు నన్ను సలహా అడిగితే, కొత్త ఉద్యోగపు ఉత్సాహంలో పాత సున్నపు గారను ఊడగొట్టించి, మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూయించాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు ఊళ్లోకి వచ్చినప్పుడు ఇంట్లో నీళ్లు గుమ్మం పైరాతిని దాటి నిలిచాయి. నీరు తీసి బురద ఎత్తాక, సున్నపు గార ఉన్న పైగోడ సంక్రాంతికి ఆరిపోయింది. సున్నం తడిని పీల్చినా తిరిగి గాలికి వదులుతుంది. సిమెంటు వేసిన కిందిభాగం మాత్రం తడిని లోపలే బంధించి, ఉప్పు పూసి, వేలితో తడితే బోలుగా మోగుతూ పెచ్చులుగా ఊడింది. ఆ పెచ్చులతో పాటు రాళ్ల మధ్యనున్న పాత సున్నమూ రాలిపోయింది.

మరమ్మతుకు సున్నపు పని తెలిసిన మేస్త్రీ దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. ఆయన సున్నాన్ని తొట్టెలో వారాల పాటు నానబెట్టించి, నా సిమెంటునంతా ఉలితో చెక్కించి, ఒక పెచ్చును అరచేతిలో పట్టుకుని, "ఈ సిమెంటు ఎవురు పూయించినారు సార్, ఇంత మంచి గోడకి?" అని అడిగారు. ఆ రోజు నేను ఏమీ అనలేదు. అందుకే మన బడి పత్రిక ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు దీన్ని రాశాను.