ఏం కాదు కదా?

తెల్లవారుజామున 3:40కి మెలకువ వచ్చింది. ఛాతీలో ఎడమ పక్కన సూదితో పొడిచినట్టు ఒక్క పోటు, అంతే. కళ్ళు పూర్తిగా తెరవకముందే వేళ్ళు మణికట్టు మీదికి వెళ్ళిపోయాయి. గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాను. 96. లేచి కూర్చుని మళ్ళీ లెక్కపెట్టాను. 104. భయపడితే గుండె వేగం పెరుగుతుందని, ఆ వేగం చూసి నేను ఇంకా భయపడతానని నాకు బాగా తెలుసు. తెలిసిన సంగతి ఆ సమయానికి అక్కరకు రాదు.

పక్కన తను నిద్రపోతోంది. లేపి "నాకేం కాదు కదా?" అని అడగాలనిపించింది. ఈ రెండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు అడిగానో లెక్కే లేదు. "ఏం కాదండీ, గ్యాస్ అయి ఉంటుంది, పడుకోండి" అంటుంది పాపం. ఆ గ్యాస్ అన్న మాటకే నాకు వణుకు.

2001లో నాన్న కూడా గ్యాసే అనుకున్నారు. రాత్రి భోంచేశాక ఛాతీ పట్టేసినట్టుందని గోలీ సోడా తెప్పించుకుని తాగి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. అప్పటికి ఆయనకు 49. వచ్చే మార్చికి నాకూ 49 నిండుతాయి.

బీరువాలో ఒక ఫైలు ఉంది. అన్నీ గుండె పరీక్షలే: ఈసీజీలు 9, ఎకోలు 2, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ ఒకటి. అన్నీ నార్మల్. రిపోర్టు చేతికొచ్చిన రోజు రాత్రి దాకా ప్రాణం తేలిగ్గా ఉంటుంది. తెల్లారేసరికి 'నిన్న తీసిన తర్వాత కొత్తగా ఏమైనా మొదలైందేమో' అన్న ఆలోచన వచ్చేస్తుంది. ఆఫీసులో వాళ్ళు అనుమానం పెనుభూతం అంటారు. చుట్టాలు మనోవ్యాధికి మందు లేదంటారు. ఆ సామెత విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మందు ఉంది. నేను వాడుతున్నాను.

మొదటిసారి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫైలు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ అన్నీ తిరగేసి చూసి, మూసేసి, "మీ నాన్నగారి సంగతి చెప్పండి" అన్నారు. ఏడ్చేశాను. అన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మీకు వచ్చే నొప్పి అబద్ధం కాదు, దానికి మీరు చెప్పుకునే అర్థమే తప్పు అన్నారు. దీని పాత పేరు హైపోకాండ్రియా అట. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో ఆ పేరు మార్చింది, నాలాంటి వాళ్ళది ఇప్పుడు ఇల్‌నెస్ యాంగ్జైటీ, అంటే పెద్ద జబ్బేదో ఉందేమోనన్న తీరని ఆందోళన, అని చెప్పారు. పేరు ఏదైతేనేం, తాళం వేసిన తలుపును మళ్ళీ మళ్ళీ లాగి చూసేవాడి చేతికి నెమ్మది ఎక్కడిది? లాగడం మానితేనే నెమ్మది.

"మరి నాన్నలా అశ్రద్ధ చేస్తేనో?" అని అడిగాను. నా అసలు భయం అదే. ఆవిడ విసుక్కోలేదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి చేతికో దవడకో పాకినా ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయమన్నారు. పరీక్షలన్నీ అయ్యాయి కాబట్టి మిగతా చిన్న పోట్లకు అరగంట ఆగమన్నారు. ఆ అరగంట నాడి చూడకూడదు, ఫోన్‌లో వెతకకూడదు, ఇంట్లో ఎవరినీ అడగకూడదు.

నాడి ఎలాగూ చూసేశాను. తనను మాత్రం లేపలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి, కిటికీ దగ్గర నిలబడ్డాను. 4:10 అయ్యేసరికి పోటు ఎక్కడ వచ్చిందో వేలు పెట్టి చూపించలేకపోయాను.

తర్వాత రోజంతా మామూలే. ఆఫీసు, ఫైళ్ళు, మధ్యాహ్నం పెరుగన్నం.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడుతుంటే నాలుక చివరిదాకా ఒక ప్రశ్న వచ్చింది: "ఆ రోజు నాన్నకు నొప్పి ఎలా ఉందన్నారమ్మా? పొడిచినట్టా, పట్టేసినట్టా?" ఇన్నాళ్ళకు నాన్న గురించి అడుగుతున్నాననే అనుకున్నాను. కాదు. నా పోటును ఆయన నొప్పి పక్కన పెట్టి కొలుచుకోవాలని చూస్తున్నాను. ఆ రాత్రిని ఆవిడ చేత మళ్ళీ చెప్పించి, నా భయం తీర్చుకోవాలని.

అడగలేదు. "షుగర్ బిళ్ళలున్నాయా?" అన్నాను.

"అయిపోయి నాలుగు రోజులైందిరా. నీ ఒంట్లో బాలేదని చెప్పలేదు" అంది.

గొంతు పట్టేసింది. అప్పటికప్పుడు మందుల షాపుకి వెళ్ళి నెలకు సరిపడా కొని, రాత్రి బస్సుకి ఊరెళ్తున్న పక్కింటి అబ్బాయికిచ్చి పంపాను. తిరిగొచ్చి పుస్తకంలో రాసుకున్నాను: నాడి చూసింది 7 సార్లు, అడిగింది 0.

ఇది రాస్తుండగా గుండె ఒకసారి తప్పి కొట్టుకుంది. టైము 10:25. 10:55 దాకా ఆగాలి. తెల్లారగానే బిళ్ళలు అందాయో లేదో అమ్మకి ఫోన్ చేయాలి.