రోజ్ గోల్డ్ వాచీల రంగు: తిరుపతి ఎండలోనూ వానలోనూ ఏమవుతోంది

మార్చి: బల్ల మీద ఉన్నవి

రంగు ఎలా మారుతుందో నెలనెలా చూడటానికి పెట్టుకున్నవి, రకానికొకటి చొప్పున మూడు వాచీలు. మొదటిది 18 క్యారెట్ల గట్టి (పూత కాదు, లోపలిదాకా అదే లోహం) రోజ్ గోల్డ్ కేసు, తోలు బెల్టు. రెండోది 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద పీవీడీ (గాలి తీసేసిన గదిలో ఆవిరిగా పట్టించే) పూత, అదే రంగు చైను. మూడోది ఇత్తడి కేసు మీద ప్లేటింగ్ చేసిన పాత వాచీ. దీని వెనక మూత మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని చెక్కి ఉంది. ఆ మాట కనిపిస్తే సాధారణంగా మూత ఒక్కటే స్టీలు, కేసు ఇత్తడో జింకు మిశ్రమమో అయి ఉంటుంది. కొనే ముందు మూత తిప్పి చూడటం అందుకే.

ఈ మూడింటి రంగూ కొత్తలో ఒకేలా కనిపిస్తుంది. మారే తీరు మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. 'రోజ్ గోల్డ్ రంగు మారుతుందా?' అన్న ప్రశ్నకి అవుననీ కాదనీ రెండు జవాబులూ వినిపించేది ఇందుకే.

గట్టి 18 క్యారెట్ల కేసులో నూటికి 75 పాళ్లు బంగారం. వాచీల్లో ఎక్కువగా వాడే 5ఎన్ అనే మిశ్రమంలో మిగతా 25లో రాగి 20.5, వెండి 4.5. 4ఎన్ అనే రకమయితే రాగి 16, వెండి 9. అందుకే అది కాస్త పాలిపోయి పసుపు వైపు మొగ్గుతుంది. గులాబీ ఛాయ ఇచ్చేది రాగే, కాలక్రమాన నల్లబడేదీ రాగే. 14 క్యారెట్లలో బంగారం 58.5 పాళ్లకి దిగి రాగి పెరుగుతుంది కాబట్టి అది ఇంకా త్వరగా మసకబారుతుంది. రోలెక్స్ 2005లో ఎవరోజ్ అనే మిశ్రమంలో ప్లాటినం కలిపింది. ఒమేగా సెడ్నా గోల్డ్‌లో పల్లాడియం వేస్తుంది. రెండూ ఆ గులాబీ ఛాయ నిలవాలనే చేసినవి.

ఇంకో మాట. గొలుసుల మీద ఉన్నట్టు వాచీ మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ (హాల్‌మార్కు గుర్తింపు కోడు) కోసం వెతకొద్దు. మన దేశంలో బంగారు వాచీలకి తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. 750 (వెయ్యికి 750 పాళ్లు బంగారం) అన్న అంకె చూడండి. 1995 తర్వాతి స్విస్ కేసయితే సెయింట్ బెర్నార్డ్ కుక్క తల ముద్ర కూడా చూడండి.

ఏప్రిల్: ఫొటోలు తీసే పద్ధతి

రంగు మారిందని కంటితో చెప్పడం కుదరదు. గాంధీ రోడ్డులో నగల దుకాణాల్లాంటి పసుపు లైట్ల కింద రోజ్ గోల్డ్ ఎర్రగా మెరుస్తుంది. ఇంటికొచ్చి 6500కె (కెల్విన్, వెలుతురు రంగు కొలత) తెల్లటి ట్యూబులైటు కింద పెడితే అదే వాచీ వెలిసిపోయినట్టుంటుంది. కొన్న వారానికే రంగు పోయిందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

కాబట్టి 5000కె బల్బు ఒకటే, 45 డిగ్రీల కోణంలో. ఫోను కెమెరా ప్రో మోడులో వైట్ బ్యాలెన్స్ 5000 దగ్గర, ఐఎస్ఓ 100 దగ్గర బిగించాలి. పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) ఉండాలి. దాని బదులు ఏ4 కాగితం పెట్టొద్దు, తెల్లగా కనిపించడానికి అందులో వేసే రసాయనాల వల్ల ఫొటో నీలం వైపు లాగుతుంది. ఒక్కో వాచీకి ఐదు చోట్లు: లగ్గుల (కేసుకి బెల్టు తగిలించే కొమ్ముల) మూలలు, లగ్గుల అడుగు, కీ (టైము తిప్పే బుడిపె) పళ్లు, మూత చుట్టూ గాడి, క్లాస్పు (చైను బిగించే కొక్కెం) లోపలి వైపు. క్లాస్పు లోపలి రేకు దేనికీ పెద్దగా రాసుకోదు. పోల్చి చూడటానికి అసలు రంగు అక్కడే దొరుకుతుంది.

రోహిణి కార్తె: చెమట

ఊళ్లో ఇదే గట్టి పరీక్ష. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే చైను సందుల్లో చేరిన చెమట ఆరి, ఉప్పు మిగులుతుంది. దాని మీద విభూతి, కుంకుమ, చందనం. మూడు వాచీల మీదా ముందుగా కనిపించింది ఈ పొరే. లోహానికి ఏమీ కాలేదు, పైన మురికి పట్టిందంతే. తడిగుడ్డతో తుడిస్తే పోతోందంటే రంగు మారినట్టు కాదు.

బోరు నీళ్లు ఇంకో చిక్కు. చేతులు కడిగినప్పుడల్లా పడే చుక్కలు ఆరి, తెల్లటి సున్నపు పొర కడుతుంది. అది ఎర్రదనాన్ని కప్పేసి బూడిద ఛాయ తెస్తుంది. పూత పోయిందని పొరబడి టూత్‌పేస్టుతో రుద్దేది సరిగ్గా ఇక్కడే. పేస్టులో ఉండే సిలికా పొడి పలచటి ప్లేటింగును నిజంగానే గీరేస్తుంది.

ఇళ్లలో ట్యాంకు కడిగేటప్పుడు వాడే బ్లీచింగ్ పౌడరు మాత్రం అసలైన శత్రువు. క్లోరిన్ రాగిని పట్టుకుంటుంది. రాగి ఎక్కువున్న తక్కువ క్యారెట్ల బంగారంలో అది సన్నటి పగుళ్లకి కూడా దారితీస్తుంది. ట్యాంకు కడిగేటప్పుడూ ఈత కొలనులోనూ వాచీ తీసేయాలి, గట్టి బంగారమైనా సరే.

జూలై: కడగడం

చైను ఊడదీసి విడిగా కడగాలి. 250 మి.లీ. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు, పది నిమిషాలు నాననిచ్చి పసిపిల్లల బ్రష్షుతో లింకుల మధ్య తేలిగ్గా తోమాలి. చివరి కడుగు ఆర్వో నీళ్లతో, లేదంటే మళ్లీ సున్నం చుక్కలే. కేసు దగ్గర మాత్రం కీ లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకుని, పిండిన గుడ్డతో తుడవడమే. నీటిని తట్టుకునే లోతు '30 మీటర్లు' అని రాసి ఉంటే కుళాయి కింద పెట్టొచ్చని కాదు.

నగలకి వాడే కుంకుడు రసం గట్టి బంగారానికి పనికొస్తుంది, కానీ నురగ చైను సందుల్లో ఆరితే జిగురవుతుంది. వాచీకి లిక్విడే మేలు. చింతపండు, నిమ్మచెక్క, బేకింగ్ సోడా, ఇత్తడి పాలిషు ఏ వాచీకీ వద్దు. చింతపండుతో తోమిన రాగి చెంబు ఆ పూటకి తళతళలాడి వారానికి మళ్లీ నల్లబడ్డట్టే ఇదీ అవుతుంది, పైగా రుద్దుడికి పూత అరుగుతుంది.

కడిగాక తేలిన సంగతులు. గట్టి కేసు లగ్గుల అడుగున, మూత గాడిలో ఎర్రమట్టి రంగు పొర మిగిలింది. చొక్కా కఫ్ రాసుకునే పైభాగం మాత్రం మెరుస్తూనే ఉంది. ఇది రాగి ఆక్సైడు. నగల పాలిషింగ్ గుడ్డతో నాలుగైదు సార్లు తుడిస్తే పోయింది. అయితే గీతల ఫినిషింగ్ ఉన్న చోట గుడ్డ ఆ గీతల దిశలోనే కదలాలి, అడ్డంగా రుద్దితే అక్కడ మచ్చలా మెరుస్తుంది. ఏడాదికి రెండుసార్లకి మించి వద్దు. నిజానికి ఆ ముదురు ఛాయ అలా ఉంచేస్తేనే అందం.

పీవీడీ వాచీలో రంగు అలాగే ఉంది, క్లాస్పు అంచుల్లో మాత్రం సన్నటి తెల్లగీతలు. అవి అడుగున ఉన్న స్టీలు. ఈ పూత గట్టిదే, కానీ మందం సాధారణంగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ. బల్ల అంచుకీ స్కూటరు హ్యాండిలుకీ తగిలే చోటే ముందు పోతుంది. కొన్నింట్లో గట్టి నైట్రైడు పొర మీద మరీ పలచగా అసలు బంగారు పొర ఉంటుంది. అది అరిగితే గులాబీ కాస్తా పసుపు వైపు తిరుగుతుంది. ఎంత తుడిచినా పాత రంగు రాదు.

అక్టోబరు: ఈశాన్య వానలు, చిలుము

ఇత్తడి కేసు ఈ తేమకి లొంగింది. లగ్గు మూలల్లో మొదట తెల్లటి చుక్కలు: ప్లేటింగు కింద వేసే నికెల్. తర్వాత పసుపు: ఇత్తడి. ఆపైన ఆకుపచ్చ చిలుము. తెలుపు, పసుపు, ఆకుపచ్చ ఈ వరసలో వస్తే లోపల ఇత్తడే. నికెల్ బయటపడ్డాక కొందరికి మణికట్టు దురదపెడుతుంది. అప్పుడు వాచీ పెట్టుకోవడం ఆపేయాలి.

చిలుమును టూత్‌పిక్ మొనతో పొడిగానే తీయాలి, తడి చేస్తే గాడిలోకి పాకుతుంది. దాచే డబ్బాలో 5 గ్రాముల సిలికా జెల్ పొట్లం వేయాలి. డబ్బాకి రబ్బరు బ్యాండు చుట్టొద్దు. రబ్బరులోని గంధకం రాగినీ వెండినీ నల్లబరుస్తుంది.

ఇప్పుడు: మళ్లీ పూత వేయించడం

ఇత్తడి కేసుకి ఇదొక్కటే దారి. పూత ద్రావణాల్లో సైనైడ్ ఉంటుంది కాబట్టి ఇంట్లో చేసే పని కాదు. ప్లేటింగ్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు మెషీను, అద్దం, కీ, వాషర్లు అన్నీ తీసేసి ఒట్టి కేసు ఇవ్వాలి. పాత పూత తీయడం, మెరుగు, అల్ట్రాసోనిక్‌లో జిడ్డు తీయడం, నికెల్ లేక పల్లాడియం అడుగు పూత, చివర రోజ్ గోల్డ్: ఇదీ వరస. జిడ్డు మిగిలితే పూత పొక్కుతుంది. స్టీలు కేసయితే ఆమ్ల ద్రావణంలో అడుగు పూత వేయకుండా బంగారం నిలవదు. స్టీలు మీద ఉండే క్రోమియం ఆక్సైడు పొర దాన్ని అంటనివ్వదు, పొరలుగా లేస్తుంది.

'మంచి పూత' అన్న మాట సరిపోదు, మందం అడగాలి. రోజూ పెట్టుకునే వాచీకి 3 మైక్రాన్లకి తగ్గకూడదు. కేసు వైశాల్యం 20 చదరపు సెం.మీ. అనుకుంటే 3 మైక్రాన్లకి పట్టే మిశ్రమం సుమారు 90 మిల్లీగ్రాములు. చెప్పిన ధర న్యాయంగా ఉందో లేదో ఆ రోజు బంగారం రేటుతో ఇలా లెక్క చూసుకోవచ్చు. మిగిలిందంతా కూలీ. మెరుగు పెట్టేటప్పుడు లగ్గుల అంచులు గుండ్రంగా అరగదీయొద్దని ముందే చెప్పాలి. పోయిన అంచు పూతతో తిరిగి రాదు.

కేసు ఇచ్చేముందు లగ్గుల మధ్య వెడల్పు, కీ గొట్టం లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి రాసిపెట్టాం. తిరిగొచ్చాక అవే కొలతలు మళ్లీ తీయాలి, గొట్టంలో పూత పేరుకుంటే కీ బిగుసుకుంటుంది. కొత్త వాషర్లు వేసి, 3 బార్ల (30 మీటర్ల లోతు నీటి ఒత్తిడి) దగ్గర నీటి పరీక్ష అయ్యాకే మెషీను బిగించాలి.